పట్టిన చేపని వదిలేశాను!

గోదావరి ఒడ్డున పుట్టి, గోదావరి ఒడ్డునే కాపురం చేస్తున్నదాన్ని. చేపని చూస్తే అది పులుసుకా, ఇగురుకా, వేపుడుకా అన్న ఆలోచన తప్ప మరోటి రాదు నాకు. మొప్పలెత్తి ఎర్రగా ఉన్నాయో లేదో చూడడం, వేలితో నొక్కి కండ గట్టిదనం తెలుసుకోవడం, బేరమాడడం, రాతి మీద రుద్ది కడగడం... ఇవన్నీ మా అమ్మ దగ్గర నేర్చుకున్న విద్యలు. గాలం మాత్రం ఏనాడూ చేత్తో ముట్టుకోలేదు. అది మగపిల్లల పని. అందులోనూ బడి ఎగ్గొట్టిన మగపిల్లల పని!

అలాంటిదాన్ని ఈ వేసవిలో అమెరికాలో, మోంటానా అనే కొండల రాష్ట్రంలో, మాడిసన్ అనే నది మధ్య పడవలో కూర్చుని గాలం విసిరాను. ఒక చేపని పట్టాను. పట్టినదాన్ని పట్టినట్టే మళ్ళీ నీళ్ళలో వదిలేశాను. నవ్వకండి. ఈ వారం మీకు చెప్పాల్సిన అసలు సంగతి ఆ చేపలో లేదు, దాన్ని పట్టిన చేతిలో ఉంది. అక్కడికి నెమ్మదిగా వస్తాను.

మా అమ్మాయి, అల్లుడు సాల్ట్ లేక్ సిటీలో ఉంటారు. మేం వెళ్ళిన పది రోజులకి మా అమ్మాయి, "అమ్మా, యెల్లోస్టోన్ చూసి, అట్నించి అటే నిన్నూ నాన్ననీ చేపలు పట్టడానికి పంపిస్తున్నాం. గైడు ఉంటుంది, పడవ ఉంటుంది, అన్నీ వాళ్ళే చూసుకుంటారు" అంది. ఎంతవుతుందని అడిగారు మా వారు. ఇద్దరికీ రోజంతా కలిపి ఏడు వందల డాలర్లట. ఆయన వెంటనే రూపాయల్లోకి మార్చేశారు. "అరవై వేలా! అరవై వేలకి నాలుగు పులసలొస్తాయి కదమ్మా!" అన్నారు. పట్టిన చేపల్ని ఇంటికి తెచ్చుకోరని, వదిలేయాలని తెలిశాక ఇంకా మండిపడ్డారు. "పుస్తెలమ్మి అయినా పులస తినాలన్నారు గానీ, పుస్తెలమ్మి చేపల్ని వదిలిపెట్టమని ఎవరూ అనలేదే!"

"డబ్బు కట్టేశామండీ మామయ్యగారూ. ఇప్పుడు మానేసినా వెనక్కివ్వరు" అన్నాడు అల్లుడు. ఆ ఒక్క మాటకి మా వారు బయల్దేరారు.

యెల్లోస్టోన్ గురించి మీలో చాలామంది వినే ఉంటారు. 1872లో ఏర్పడిన పార్కు అది. ప్రపంచంలో మొదటి జాతీయ పార్కు అదేనంటారు. అక్కడ ఓల్డ్ ఫెయిత్‌ఫుల్ అని ఒక వేడినీళ్ళ బుగ్గ ఉంది. ఉండుండి నేలలోంచి తాటిచెట్టంత ఎత్తున పొగలు కక్కుతూ నీళ్ళు చిమ్ముతుంది. మేమూ అందరితోపాటు బెంచీల మీద కూర్చుని చూసి, చప్పట్లు కొట్టి వచ్చాం. నన్ను ఆశ్చర్యపరిచింది వేరే. ఆ వేడినీళ్ళు పక్కనున్న ఫైర్‌హోల్ అనే నదిలోకి పోతాయి. ఆ ఫైర్‌హోలూ, గిబ్బన్ అనే ఇంకో నదీ కలిసినచోట మాడిసన్ పుడుతుంది. సుమారు మూడు వందల కిలోమీటర్లు ప్రయాణం చేసి, త్రీ ఫోర్క్స్ అనే ఊరి దగ్గర జెఫర్సన్, గాలటిన్ అనే మరో రెండు నదులతో కలిసి మిస్సోరీ మహానదిగా మారుతుంది. మన త్రివేణి సంగమం లాంటిదే, పండాలు లేరు, అంతే తేడా! 1805లో లూయిస్, క్లార్క్ అనే ఇద్దరు సాహసయాత్రికులు అక్కడికి చేరి, ఆ మూడింటికీ అప్పటి తమ ప్రభుత్వ పెద్దల పేర్లు పెట్టారు. అంతకుముందు ఆ ఒడ్డున బతికిన జాతులవాళ్ళు వాటిని ఏ పేర్లతో పిలుచుకున్నారో వాళ్ళు అడిగి ఉంటే బావుండేది అనిపించింది నాకు.

పార్కు దాటి పడవ ఎక్కే చోటికి కారులో పోతుంటే దారిలో ఒక చెరువు వచ్చింది. నీళ్ళ మధ్యలో ఎండిపోయిన చెట్ల మోళ్ళు నిలువునా నిలబడి ఉన్నాయి. 1959 ఆగస్టు 17 రాత్రి ఆ ప్రాంతంలో పెద్ద భూకంపం వచ్చిందట. ఒక కొండచరియ మొత్తం విరిగి నదికి అడ్డంగా పడింది. అది వేసవి సెలవుల కాలం. గుడారాలు వేసుకుని నిద్రపోతున్నవాళ్ళు, మరికొందరు కలిపి ఇరవై ఎనిమిది మంది పోయారు. అడ్డుపడిన నది చెరువై, చెట్లన్నీ మునిగిపోయాయి. దాని పేరే క్వేక్ లేక్, భూకంపపు చెరువన్నమాట. అరవై ఏళ్ళు దాటినా ఆ మోళ్ళు అలాగే ఉన్నాయి. కారులో కాసేపు ఎవరం మాట్లాడలేదు.

ఆ కిందనుంచి నది మళ్ళీ మామూలే. రాళ్ళమీద దూకుతూ, నురగలు కక్కుతూ, గలగలమంటూ పోతుంది. గోదావరి నిండు ముత్తైదువలా నెమ్మదిగా నడుస్తుంది కదా, ఇది అలా కాదు. బడి వదిలిన పిల్లలా ఒకటే పరుగు. నీళ్ళు ఎంత తేటగా ఉన్నాయంటే నడుం లోతులో ఉన్న గులకరాళ్ళని లెక్కపెట్టుకోవచ్చు. చెయ్యి పెడితే మాత్రం ఫ్రిజ్‌లోంచి తీసిన నీళ్ళే! ట్రౌట్ చేపకి ఆ చల్లదనమే ప్రాణం. నీళ్ళు వేడెక్కితే దానికి ఊపిరాడదు. వరసగా మూడు రోజులు నీటి వేడి డెబ్బై మూడు డిగ్రీల ఫారెన్‌హీట్, అంటే మన లెక్కలో ఇరవై మూడు సెంటీగ్రేడు, చేరితే ఆ రాష్ట్రంలో మధ్యాహ్నం రెండు నుంచి అర్ధరాత్రి దాకా ఆ నదిలో చేపలు పట్టడం ఆపించేస్తారట. వేసవిలో మన కుళాయి నీళ్ళు అంతకంటే వేడిగానే ఉంటాయి కదా!

గైడు ఒక అమ్మాయి. ముప్ఫై ఏళ్ళుంటాయేమో. ఒంటి జడ, ఎండకి కమిలిన మొహం, రోకలిపోటు వేసే చేతుల్లాంటి చేతులు. నది ఒడ్డున పడవ దించి మాకోసం చూస్తోంది. ముక్కూ తోకా పైకి లేచిన పడవ అది. గైడు మధ్యలో కూర్చుని తెడ్లు వేస్తుంది. ముందొకరు, వెనకొకరు నిలబడి గాలం విసరాలి. తమాషా ఏమిటంటే ఆమె తెడ్డు వేసేది ముందుకి పోవడానికి కాదు, నెమ్మది చేయడానికి! పడవని నది ఎలాగూ లాక్కుపోతుంది. ఆమె రోజంతా ప్రవాహానికి ఎదురు తెడ్డు వేస్తూ పడవని ఆపుతూ, రాళ్ళకి తగలకుండా తప్పిస్తూ, మాకు చేపలున్న చోటు చూపిస్తూ ఉంటుంది. ఎనిమిది గంటలు! అరవై వేలు ఎందుకో మా వారికి అప్పుడు కొంచెం అర్థమైంది.

ముందు గడ్డిమీద పాఠం. ఫ్లై ఫిషింగ్ అంటే ఏమిటో నాకు తెలిసినంతలో చెప్తాను. మన గాలానికి చివర్న బరువుంటుంది. వానపామో, పిండిముద్దో ఎర ఉంటుంది. విసిరితే ఆ బరువే దారాన్ని లాక్కుపోతుంది. ఇక్కడ ఎర ఒక బొమ్మ పురుగు. కొక్కేనికి ఈకా, వెంట్రుకా, దారం చుట్టి చేస్తారు. ఊదితే ఎగిరిపోతుంది. మరి అంత దూరం ఎలా పోతుంది? అందుకే బరువు పురుగులో కాకుండా దారంలోనే పెట్టారు. లావుపాటి దారాన్ని గాలిలో వెనక్కీ ముందుకీ ఝాడిస్తే, అది చాచుకుంటూ పోయి చివర్న ఉన్న పురుగుని నీళ్ళమీద మెత్తగా వాల్చుతుంది. దారానికీ పురుగుకీ మధ్య కంటికి కనపడని సన్నటి నైలాను తీగ ఉంటుంది, చేపకి అనుమానం రాకుండా.

ఆ అమ్మాయి పెట్టె తెరిచి తన పురుగులు చూపించింది. నగల పెట్టె తెరిచినట్టే ఉంది! ఒక్కోటీ ఒక్కో రంగు, మినప్పప్పంతవి కొన్ని, బొటనవేలంతవి కొన్ని. ఒకదాన్ని చూసి "ఇది నెమలి ఈక కదూ?" అన్నాను. అవునంది. పచ్చగా మెరిసే ఆ నెమలిపింఛపు పోగుల్ని పురుగు ఒంటికి చుడతారట. కోడిపుంజు మెడ ఈకలైతే చాలాకాలంగా మన దేశంనుంచే వెళ్తున్నాయట. మన అడవికోడి మెడ మీద ఉండే పసుపు చుక్కల ఈకలంటే ఇంగ్లండులో ఒకప్పుడు పడిచచ్చేవాళ్ళట. ఇప్పుడు వాటి ఎగుమతి మనవాళ్ళు ఆపేశారు లెండి. ఏ కొండల్లోనో తిరిగే చేపకి కృష్ణుడి పింఛం చూపించి బుట్టలో వేస్తారన్నమాట.

ఇంత హంగామా ఎందుకంటే ట్రౌట్ తినేది ఈ నీటి పురుగుల్నే. అవి రాళ్ళకింద నీళ్ళలో పెరుగుతాయి. కొన్ని ఏడాది, కొన్ని మూడు నాలుగేళ్ళు. తర్వాత ఒకరోజు రెక్కలొచ్చి పైకి లేస్తాయి. మనకి తొలకరి వానకి ఉసిళ్ళు లేచి దీపాన్ని కమ్మేస్తాయి చూడండి, అచ్చం అలాగే. మేఫ్లై అనే పురుగుకైతే రెక్కలొచ్చాక పనికొచ్చే నోరే ఉండదట. ఏదీ తినకుండా ఒకటి రెండు రోజుల్లో జతకట్టి, గుడ్లు పెట్టి పోతుంది. మేం వెళ్ళింది జూలై మొదటివారం. సాల్మన్‌ఫ్లై అని నారింజరంగు పొట్టతో రెండంగుళాల పురుగులు ఒడ్డున పొదలనిండా పాకుతున్నాయి. ఒకటి నా మెడమీద వాలింది. నేను వేసిన కేకకి ఆ రోజు ఆ చుట్టుపక్కల ట్రౌట్లన్నీ పారిపోయి ఉండాలి!

ఇక విసరడం. తొమ్మిదడుగుల కర్ర నా చేతికిచ్చింది. చూడ్డానికి పొడుగే గానీ గరిటె బరువు కూడా లేదు. "వెనక్కి తీసుకెళ్ళి ఆపు. దారం వెనకాల చాచుకునేదాకా ఆగు. అప్పుడు ముందుకి తెచ్చి మళ్ళీ ఆపు" అంది. ఆగడంలోనే ఉందట కిటుకంతా. మా వారు బలంకొద్దీ విసిరితే దారం ఉండచుట్టుకుని ఆయన టోపీకే తగులుకుంది. బలం పనికిరాదు. నాకు మాత్రం ఆమె చేతి విసురు చూస్తుంటే ఎక్కడో చూసినట్టే ఉంది. ఆలోచిస్తే తట్టింది. పిండిన చీరని దండెం మీద వేసేముందు ఝాడిస్తామే! చీర చివర టప్‌మని శబ్దం వచ్చేట్టు ఝాడించి, ఠక్కున చెయ్యి ఆపుతామే, అదే విసురు.

తట్టగానే సంతోషం వేయలేదు నాకు. గుండె గుభేలుమంది. ఎందుకంటే, నేను చీర ఝాడించి రెండేళ్ళయింది.

రెండేళ్ళ క్రితం మూడు నెలలపాటు ఈ శీర్షిక రాలేదు. మీలో చాలామంది ఉత్తరాలు రాశారు. పచ్చకామెర్లని నేను జవాబిచ్చాను. ఏం తినాలో, ఏం తినకూడదో చెబుతూ కొందరు నేల ఉసిరి మందు కూడా పంపించారు. ఆ అక్కచెల్లెళ్ళందరికీ ఇవాళ క్షమాపణ చెప్పుకుంటున్నాను. అది కామెర్లు కాదు. నా కుడి రొమ్ములో క్యాన్సరు. స్నానం చేస్తుంటే చేతికి బఠాణీ గింజంత గడ్డ తగిలింది. నొప్పి లేదు కదా అని నాలుగు నెలలు ఊరుకున్నాను. నొప్పి లేని గడ్డనే ముందు చూపించుకోవాలని తర్వాత డాక్టరమ్మ చెప్పింది. రొమ్ముతోపాటు చంకలో ఉన్న లింఫ్ గ్రంథులు కూడా తీసేశారు. మా వారికీ, అమ్మాయికీ తప్ప దగ్గర బంధువుల్లో ఒకరిద్దరికే తెలుసు. సొంత ఆడపడుచుకి కూడా చెప్పలేదు. "బయటికి పొక్కనీయకు. అబ్బాయి పెళ్ళి కావాలి. అలాంటి ఇంట్లో పిల్లనెవరిస్తారు?" అని ఒక పెద్దావిడ చెవిలో చెప్పింది. నేనూ తల ఊపాను. ఇతరులకి ధైర్యం చెబుతూ ఇన్నేళ్ళుగా ఈ పేజీలో రాస్తున్నదాన్ని నేనే!

అలాంటి ఆపరేషను తర్వాత భుజం బిగుసుకుపోతుంది. గోడ దగ్గర నిలబడి వేళ్ళతో గోడని పైకి పాకుతున్నట్టు చెయ్యి లేపమని, రోజూ చెయ్యమని ఆసుపత్రిలో నేర్పించి పంపారు. రెండు వారాలు చేశాను. నొప్పి. పైగా పనమ్మాయి చూసి, "ఏంటమ్మా గోడని తడుముతున్నారు?" అంది. ఆ రోజుతో మానేశాను. చెయ్యి వాస్తుందేమోనని భయం ఒకటి. కుడిచెయ్యి ఒంటికి అతికించుకునే తిరగడం అలవాటైపోయింది. జడ వేసుకోలేను, పై అరలో డబ్బా తీయలేను. పెరట్లో దండెం అందడంలేదని మా వారు, నేను అడక్కుండానే, దాన్ని అడుగున్నర కిందికి దించి కట్టారు. ఆయనా నేనూ ఆ సంగతి ఒక్కసారి కూడా మాట్లాడుకోలేదు.

ఆ గడ్డిమీద నేను కర్ర పట్టుకుని అలాగే నిలబడిపోతే ఆ గైడు అమ్మాయి దగ్గరికొచ్చి మెల్లగా, "ఆ చెయ్యి ఎంతవరకు లేస్తుంది?" అని అడిగింది. నాకు ఒళ్ళు మండిపోయింది. మా అమ్మాయి వంక చూశాను. అది తల దించుకుంది. ముందే రాసి పంపిందట, అమ్మ కుడిచెయ్యి జాగ్రత్త అని! ముక్కూమొహం తెలియని మనిషికి! తెలుగులో నాలుగు అంటించాను. అది కిక్కురుమనలేదు. గైడుకి తెలుగు రాకపోయినా విషయం అర్థమైనట్టుంది. "ఎందుకు లేవదో నాకు చెప్పక్కర్లేదు. ఎంత లేస్తుందో చెబితే చాలు, అక్కణ్ణించి మొదలుపెడదాం" అంది.

ఏమైందో ఏమో, నా వచ్చీరాని ఇంగ్లీషులో మొత్తం చెప్పేశాను. దేశం కాని దేశంలో, మళ్ళీ కనపడని మనిషి కదా అనేమో. ఆమె విని, అయ్యో అనలేదు. తన కథేదో ఎత్తుకోలేదు. "కాస్టింగ్ ఫర్ రికవరీ" అనే సంస్థ గురించి చెప్పింది. 1996లో వెర్మాంట్ రాష్ట్రంలో మొదలైందట. రొమ్ముని మళ్ళీ తీర్చిదిద్దే ఆపరేషన్లు చేసే సర్జనొకావిడా, ఫ్లై ఫిషింగ్ నేర్పే మరొకావిడా కలిసి పెట్టారు. రొమ్ము క్యాన్సరు వచ్చిన ఆడవాళ్ళని చిన్న చిన్న గుంపులుగా నది ఒడ్డుకి తీసుకెళ్ళి, రెండు మూడు రోజులు ఉంచుకుని, పైసా తీసుకోకుండా గాలం విసరడం నేర్పిస్తారు. ఆపరేషను తర్వాత భుజానికీ చేతికీ చెప్పే వ్యాయామాలకీ, ఈ విసురుకీ దగ్గర పోలికట. తనూ ఏడాదికోసారి వెళ్ళి నేర్పిస్తుందట. "అక్కడ గదిలో కూర్చుని మాట్లాడమంటే ఎవరూ మాట్లాడరు. నీళ్ళలో నిలబెడితే అన్నీ వాళ్ళే చెప్పుకుంటారు" అంది.

ఆ మాట నేను నమ్ముతాను. బావి దగ్గరా రేవు దగ్గరా మన ఆడవాళ్ళు చెప్పుకున్నన్ని కష్టాలు ఇళ్ళల్లో ఏనాడైనా చెప్పుకున్నారా?

మొదట మోచెయ్యి నడుముకి ఆనించి, ముంజేత్తో మాత్రమే విసరమంది. పదడుగులు పోతే చాలంది. పోయింది. తర్వాత పదిహేను. అరగంటయ్యాక మోచెయ్యి కొంచెం ఎత్తమంది. భుజం పట్టేసింది. "ఆగు. నొప్పి మొదలైన చోటికి ఒక అంగుళం ఇవతలే ఆగు" అంది. అలా ఇరవై సార్లు విసిరి, కూర్చుని, మళ్ళీ ఇరవై సార్లు విసిరి పడవెక్కాను. మా వారు వెనక సీట్లో ఉన్నారు. ఆయన మాట్లాడలేదు. చాలాసేపు గాలం కూడా విసరలేదు.

నదిలో చేపలు ఎక్కడుంటాయో తెలుసా? పరుగు నీళ్ళలో ఈదుతూ ఉంటే ఓపిక అయిపోతుంది కదా, అందుకని రాయి చాటున, నీళ్ళు నెమ్మదించిన చోట, ఎదురు మొహంపెట్టి నిలబడతాయి. వాకిట్లో కూర్చుని కూరగాయల బండికోసం చూసినట్టు! పక్కనుంచి ఏ పురుగైనా కొట్టుకొస్తే చటుక్కున వెళ్ళి అందుకుని మళ్ళీ తమ చోటికే వచ్చేస్తాయి. మన బొమ్మ పురుగు కూడా నీళ్ళు ఎలా తీసుకెళ్తే అలా పోవాలి. దారం దాన్ని కొంచెం లాగినా చేప మొహం తిప్పేసుకుంటుంది. అందుకని నీళ్ళమీద పడిన దారాన్ని మాటిమాటికీ కర్రతో ఎత్తి ఎగువకి వేస్తూ ఉండాలి. చేప నోరు తెరిచి అందుకోగానే కర్ర పైకి లేపాలి. తొందరపడితే తప్పిపోతుంది, ఆలస్యమైతే ఉమ్మేస్తుంది. మధ్యాహ్నం భోజనం వేళకి నేను తొమ్మిది చేపల్ని పోగొట్టుకున్నాను. మా వారు మాత్రం ఒకటి పట్టారు. వెండిరంగులో, చిన్న నోరుతో ఉంది. ట్రౌటేనా అంటే కాదట, వైట్‌ఫిష్ అట. ఆయన మొహం చిన్నబోయింది. "చిన్నచూపు చూడకండి. ఈ నదికి ఇదే సొంత బిడ్డ. ఇప్పుడు మీరు పట్టాలనుకునే ట్రౌట్లు రెండూ బయటినుంచి తెచ్చినవే" అంది గైడు. బ్రౌన్ ట్రౌట్ గుడ్లు 1883లో జర్మనీనుంచి అమెరికాకి వచ్చాయట. రెయిన్‌బో ట్రౌటుని పసిఫిక్ తీరం వైపునుంచి తెచ్చారట. అసలు ఇక్కడి ట్రౌట్, గొంతు కింద కుంకుమ గీసినట్టు ఎర్రచార ఉండేది, ఇప్పుడు ఈ నదిలో అరుదైపోయిందట. "అంటే ఇవన్నీ మన అమ్మాయి బాపతే, వలస వచ్చి స్థిరపడినవి" అన్నారు మా వారు. పొద్దుటినుంచి ఆయన అన్న మొదటి మాట అది. మన దేశంలోనూ బ్రౌన్ ట్రౌట్ అలాగే వచ్చింది. 1900లో స్కాట్లాండునుంచి వచ్చిన గుడ్లతో కశ్మీరులో మొదలుపెట్టారు.

రొట్టెలు తింటూ, పట్టిన చేపని వదలడం దేనికని అడిగాను. ఆమె చెప్పింది నాకు కొత్తగా ఉంది. ఒకప్పుడు ప్రభుత్వమే తొట్లలో ట్రౌట్లని పెంచి ఏటేటా ఈ నదిలో వదిలేదట. డిక్ విన్సెంట్ అనే జీవశాస్త్రజ్ఞుడు లెక్కలు తీస్తే, పెంపకపు చేపల్ని వదిలినకొద్దీ ఏట్లో పుట్టిన చేపలు తగ్గిపోతున్నాయని తేలింది. 1974లో ఆ రాష్ట్రం ఇలాంటి నదుల్లో తొట్టి చేపల్ని వదలడం మానేసింది. అంటే ఇప్పుడు ఇక్కడున్న ప్రతి ట్రౌటూ ఈ నీళ్ళలోనే పుట్టి పెరిగింది. పోతే దాని బదులు వెయ్యడానికి ఇంకోటి లేదు. 1994లో ఒక పరాన్నజీవి వల్ల చేపపిల్లలు బొంగరంలా గిరగిరా తిరిగి చచ్చిపోయే జబ్బు వచ్చి, కొన్ని చోట్ల పదింట తొమ్మిది రెయిన్‌బోలు పోయాయట. చాలావరకు కోలుకోవడానికి ఏళ్ళు పట్టింది. అందుకే పడవలూ బూట్లూ కూడా కడిగి ఆరబెట్టుకుని మరో నదికి వెళ్తారు.

వదిలే పద్ధతి బాగానే ఉంది. కానీ తినని చేపకి ముల్లు గుచ్చడం మాత్రం దేనికి, అన్న సందేహం నాకింకా తీరలేదు. ఆమెనే అడిగాను. ఒక్క క్షణం తెడ్డు ఆపి, "నేనూ అడుక్కుంటూనే ఉంటాను" అంది. సమర్థించుకోనందుకు ఆమె మీద గౌరవం పెరిగింది.

మూడున్నరకి పడింది నా చేప. ఒక పెద్ద బండ వెనక పురుగు వాలింది. రెండడుగులు కొట్టుకుపోయింది. నీళ్ళు చిన్నగా విచ్చుకున్నాయి, అంతే. "లేపు!" అని గైడు అరిచింది. లేపాను. కర్ర విల్లులా వంగింది. అవతలివైపు ప్రాణమున్నదేదో గుంజుతోంది. "పోనివ్వు, పోనివ్వు, ఇప్పుడు చుట్టు!" అంటూ ఆమె పడవని ఒడ్డువైపు తిప్పింది. "చెయ్యి ఎత్తి పట్టు! ఇంకా ఎత్తు!" ఎత్తాను. వల బుట్టలోకి వచ్చేదాకా ఎంతసేపైందో తెలీదు. పధ్నాలుగంగుళాల బ్రౌన్ ట్రౌట్. పసుపు ఒంటిమీద నల్లచుక్కలు, ఎర్రచుక్కలు. మా పెద్దమ్మ కట్టుకునే పాత కలంకారీ చీర గుర్తొచ్చింది.

ముట్టుకునేముందు చేతులు తడుపుకోమంది. పొడి చేత్తో పట్టుకుంటే ఒంటిమీదున్న జిగురు పోయి చేపకి జబ్బు చేస్తుందట. నలభై ఏళ్ళు ఆ జిగురు వదిలించడానికి రాయీ ఉప్పూ పట్టి తోమినదాన్ని నేను! కొక్కేనికి వెనకముల్లు ముందే నొక్కేసి ఉంచారు కాబట్టి ఇట్టే ఊడి వచ్చింది. రెండు చేతులతో నీళ్ళలోనే పట్టుకుని, తల ఎగువకి పెట్టాను. దాని మొప్పలు నా వేళ్ళ మధ్య తెరుచుకుని మూసుకుంటున్నాయి. మొప్పల్ని ఎన్ని వేలసార్లు ఎత్తి చూసి ఉంటాను! ఊపిరి తీస్తుండగా ఎప్పుడూ చూడలేదు. కాసేపటికి బలం వచ్చి, తోక ఒక్క విదుపు విదిపి, నా చేతుల్లోంచి జారి రాళ్ళ నీడలోకి వెళ్ళిపోయింది.

ఫోటో తీశారా అని వెనక్కి తిరిగి మా వారిని అడిగాను. లేదు. ఫోను ఆయన చేతిలోనే ఉంది. "చెయ్యి చూశావా?" అన్నారు. "చెవి దాటి పైకెత్తావు."

ఆ రాత్రి భుజం సలిపింది. అమ్మాయి పక్కన కూర్చుని మౌనంగా వీపు రాసింది. పొద్దున అన్న మాటలకి నేనేం అనలేదు, అదీ ఏం అడగలేదు. మర్నాటినుంచి గోడ వ్యాయామం మళ్ళీ మొదలుపెట్టాను. పనమ్మాయి లేని ఊరు కదా! తిరిగొచ్చాక మా డాక్టరమ్మకి చూపిస్తే, కొలతలు తీసి, వాపు లేదని చెప్పి, రెండేళ్ళు ఎందుకు మానేశావని తిట్టింది. ఏం చేయాలో, ఎంతవరకు చేయాలో కాగితం మీద రాసిచ్చింది. మీలో ఎవరైనా ఈ ఆపరేషను అయినవాళ్ళుంటే నా మాట పట్టుకుని చేతులు విసరకండి, మీ డాక్టరుని అడిగి మీ కాగితం మీరు రాయించుకోండి. చంకలో గ్రంథులు తీసిన చేతికి గాయాలు కాకుండా చూసుకోమని కూడా నాకు చెప్పారు. చేపలు కోసేటప్పుడు ఇప్పుడు రబ్బరు తొడుగు వేసుకుంటున్నాను.

మా ఆడపడుచుకి ఫోను చేసి చెప్పాను. అయిదు నిమిషాలు ఏడ్చింది. తర్వాత తనకీ రెండు నెలలుగా ఏదో చేతికి తగులుతోందని, ఎవరికి చెప్పాలో తెలియక ఊరుకున్నానని అంది. మర్నాడే ఇద్దరం కలిసి వెళ్ళాం. పరీక్ష చేసి, ప్రమాదం లేని కొవ్వుగడ్డ అన్నారు. అబ్బాయి పెళ్ళి సంగతంటారా? వచ్చేవాళ్ళకి అన్నీ చెప్పే మాట్లాడుతున్నాం. ఒక సంబంధం వాళ్ళు మళ్ళీ రాలేదు.

పోయిన ఆదివారం పొద్దున్నే మా వారు మేకూ సుత్తీ పట్టుకుని పెరట్లోకి వెళ్ళారు. స్టూలెక్కి దండెం విప్పుతూ, "ఎంత ఎత్తున కట్టమంటావ్?" అన్నారు.

"పాత మేకు గుర్తు గోడమీద కనబడుతూనే ఉంది కదండీ" అన్నాను.